తీగవాద్యమునకు విద్యుత్తు చెవి



పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు 2016లో చిన్న జిల్లాలుగా విభజింపబడినవి. జిల్లాల సరిహద్దులు మారినను ఆ సీమ పాట మారలేదు. అచ్చట నేడు రెండు కాలములకు చెందిన తీగవాద్యములు ప్రక్కప్రక్కనే వినవచ్చుచున్నవి. మొదటివి తాతముత్తాతలనాటివి. ఆదిలాబాదు అడవిపట్టున ప్రధానులును, తోటివారును గోండుల వంశకథలను గానము చేయునపుడు వాయించు కిక్రి అట్టిది. బైండ్లవారు ఎల్లమ్మ కథ చెప్పునపుడు మ్రోగించు జమిడికయు అట్టిదే. రెండవది నిన్నమొన్న వచ్చినది. పెండ్లి ఆర్కెస్ట్రాలలోను, భజనమండలులలోను, క్రైస్తవ ప్రార్థనామందిరములలోను పడుచువాండ్రు భుజమునకు తగిలించుకొని వాయించు విద్యుద్గిటారు అది. అందులో నాలుగు లావుపాటి తీగలు గలిగి, మంద్రస్థాయిలో పలుకునది బాసు గిటారు.

ఈ బాసు గిటారును గూర్చియు, దానియందలి పికప్పు అను చిన్న సాధనమును మార్చుటను గూర్చియు నేడు చెప్పదలచితిని. ఇది పడుచువాండ్ర ముచ్చట గదా, మాకేల యని మీరనవచ్చును. ఖర్చు తుదకు మీ యొద్దకే వచ్చును గనుక మీకు కావలయును. "తాతా, గిటారు రొద పెట్టుచున్నది, పికప్పు మార్చవలయునట, కొన్నివేలు కావలయును" అని మనుమడు మీ యెదుట నిలుచును. భజనమండలి నిధి మీ చేతిలో నుండును. మార్చినచో బాగుపడునా? మార్చుటలో ఉన్నది చెడునా? అని తేల్చవలసినవారు మీరు. ఇంతకంటె బరువైన ప్రశ్న యింకొకటి కలదు. ఆ కుఱ్ఱవాడే రేపు ఇంటి దూలమునకు వ్రేలాడుచున్న పాత కిక్రిని దింపి, దీనికిని రంధ్రము చేసి పికప్పు బిగింతమా యని యడుగవచ్చును. అపుడు మీరిచ్చు సమాధానముపై ఒక వంశపు కంఠము నిలుచుటయో పోవుటయో యాధారపడి యుండును.

పికప్పు అనగా నేమి? వీణకు కుండ కలదు. తంబురకు కాయ కలదు. కిక్రికి తోలు కప్పిన బోలుకొయ్య కలదు. తీగవలన పుట్టు సన్నని ధ్వనిని ఈ బోలుభాగము పెద్దది చేసి గాలిలోనికి పంపును. బాసు గిటారునకు అట్టి బోలు లేదు. దాని యొడలు గట్టి చెక్కపలక. యాంప్లిఫయరునకు కలుపక మీటినచో ప్రక్కగదిలోనివానికి సయితము సరిగా వినబడదు. తీగల క్రింద, ఆ పలకలో తొలిచిన గూటియందు, చిన్న పెట్టె యొకటి యుండును. అదియే పికప్పు. దానిని నేను వాద్యపు చెవి యందును. తీగ యేమి పలికినను ఆ చెవి విన్నంతవఱకే మనకు చేరును.

ఆ పెట్టెలో నుండునవి రెండే వస్తువులు. ఒకటి అయస్కాంతపు కడ్డీలు. రెండవది వాని చుట్టును చుట్టిన, తలవెండ్రుకవలె సన్నని రాగితీగ. ఈ చుట్లు వేలకొలది యుండును. కొన్ని బాసు పికప్పులలో 10,000 వఱకు నుండును. పైనున్న ఉక్కుతీగ ఊగినపుడు అయస్కాంతపు బలము రాగిచుట్టలో ఇంచుక హెచ్చుచు తగ్గుచు నుండును. ఆ హెచ్చుతగ్గులవలన చుట్టయందు సన్నని విద్యుత్తు పుట్టును. తీగ సెకనునకు ఎన్నిమార్లు ఊగునో విద్యుత్తును అన్నిమార్లే ఊగును. దానిని యాంప్లిఫయరు అనేకరెట్లు పెంచి స్పీకరునకు అందించును.

ఈ సూత్రమును 1831లో ఇంగ్లండునందు మైకేల్ ఫారడే కనుగొనెను. ఇది మీకు దూరపు విషయము కాదు. రామగుండమునందు 1983 మొదలు విద్యుత్తు నిచ్చుచున్న కేంద్రములోను, మంచిర్యాల జిల్లా జైపూరునందు సింగరేణివారు 2016లో నడపనారంభించిన కేంద్రములోను జరుగుచున్నది ఇదియే. అచ్చట బొగ్గు మండి, నీరు ఆవిరియై, ఆ యావిరి పెద్ద అయస్కాంతమును త్రిప్పగా చుట్టునున్న రాగిచుట్టలలో విద్యుత్తు పుట్టుచున్నది. ఇచ్చట వ్రేలు తీగను ఊపగా అంగుళమంత చుట్టలో విద్యుత్తు పుట్టుచున్నది. కొలతలో ఏనుగునకును చీమకును ఉన్నంత భేదము కలదు గాని ధర్మము ఒక్కటియే. రామగుండము పేరు మరల వచ్చును గనుక జ్ఞాపకముంచుకొనుడు.

ఈ వాద్యము పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పెదను. గిటారునకు అయస్కాంతపు చెవి నమర్చుట 1930 ప్రాంతమున అమెరికాలో మొదలైనది. మంద్రస్వరములకు మాత్రము అంతవఱకు మనిషిని మించిన యెత్తుగల పెద్ద ఫిడేలును నిలువబెట్టి వాయించుచుండిరి. కాలిఫోర్నియా రాష్ట్రమునందు ఫుల్లర్టన్ అను ఊర రేడియోలు మరమ్మతు చేయు దుకాణము నడపిన లియో ఫెండర్ అనునాయన 1951లో ఒక గట్టిపలకకు నాలుగు తీగలును, మెట్లును, ఒక పికప్పును అమర్చి, ప్రెసిషన్ బాసు అను పేరున అమ్మజూపెను. మెట్లుండుటచే స్వరము ఖచ్చితముగా పలుకును గనుక ఆ పేరు. ఆ వాద్యమును రూపించిన యాయనకు గిటారు వాయించుట రాదు. రేడియో మరమ్మతులో నేర్చిన విద్యుత్పరిజ్ఞానమే ఆయన పెట్టుబడి.

ఆ 1951 నాటి బాసులో నాలుగు తీగలకును కలిపి ఒక్క చుట్టయే యుండెను. 1957లో ఆయన సంస్థవారు దానిని రెండు ముక్కలుగా చేసి, రెండు తీగల క్రింద ఒకటి, రెండు తీగల క్రింద ఒకటి నిలిపిరి. 1960లో జాజ్ బాసు అను రెండవ రకము వచ్చెను. దానియందు రెండు వేఱువేఱు పికప్పులు గలవు. నేడు పాతకాలపు పద్ధతి బాసు అని దుకాణములలో అమ్మునవి పెక్కులు ఈ మూడింటిలో ఏదియో యొకదానికి నకలుగా చేసినవి. కావున మనుమడు వింటేజి బాసు అన్నపుడు, చుట్ట ఒకటియా, రెండు ముక్కలా, రెండు పికప్పులా యని యడుగుడు. ఆ ఒక్క ప్రశ్నతో సగము సంగతి తేలును. ఏలయనగా ఈ మూడింటి గూళ్లు వేఱు. ఒకదాని పికప్పు ఇంకొకదాని గూటిలో పట్టదు.

విద్యుత్తు తగిలిన వాద్యము మన సంగీతమునకు పనికిరాదనువారు మనలోను గలరు. వారికి ఒక్క దృష్టాంతము చాలును. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాసు మాండొలిను అను విదేశవాద్యమును చేపట్టి, 1978లో గుడివాడలో తొలి కచేరి చేసెను. మామూలు మాండొలినునకు ఎనిమిది తీగలు జంటలుగా నుండును. ఆయన దానిని విడిచి, ఐదు ఒంటితీగలు గల విద్యుత్తు మాండొలినుపై కర్ణాటక సంగీతమును గమకములతో పలికించెను. తీగల జంటలు తీసివేయుటచే జారుటకు, ఊపుటకు వీలు కలిగెను. పికప్పు ఉండుటచే ఆ సన్నని యూపు సభ కడవఱకు వినబడెను. 1998లో పద్మశ్రీ గౌరవము పొంది, 2014లో ఆయన స్వర్గస్థుడయ్యెను. వాద్యమును మార్చుట అపచారము కాదని ఆయన జీవితమే చెప్పుచున్నది. అయితే ఆయన చేసిన మార్పునకు సంగీతము కారణము. ఏ మార్పునకైనను కారణమును మొదట అడుగవలయును.

ఇక రొద సంగతికి వత్తము. పికప్పు మార్చవలయునని కోరువారిలో పెక్కుమంది చెప్పు మొదటి కారణము ఇదియే. వాయింపక నిలిచినపుడును స్పీకరునుండి గుయ్యిమని ఎడతెగని ధ్వని వచ్చుచుండును. ఆ ధ్వని యెచ్చటిది? రామగుండపు యంత్రములు నిమిషమునకు 3,000 మార్లు తిరుగును, అనగా సెకనునకు 50 మార్లు. మన దేశపు విద్యుత్తంతయు ఆ లెక్కననే సెకనునకు 50 మార్లు ఊగుచుండును. ఆ విద్యుత్తు పారు ప్రతి తీగచుట్టును, ప్రతి ట్రాన్స్‌ఫార్మరుచుట్టును అయస్కాంతబలము అదే లెక్కను ఊగుచుండును. పికప్పులోని చుట్టకు తీగ యూపునకును ఈ యూపునకును భేదము తెలియదు. రెండింటిని వినును. మీరు వినుచున్న రొద రామగుండపు యంత్రముల తిరుగుడే యని చెప్పినను అతిశయోక్తి కాదు.

బాసునకు ఈ రొద ఇతర వాద్యములకంటె ఎక్కువ హానికరము. దాని నాలుగు తీగలు లావుపాటిదానినుండి వరుసగా సెకనునకు సుమారు 41, 55, 73, 98 మార్లు ఊగును. రొద 50 వద్దను, దాని రెట్టింపైన 100 వద్దను ఉండును. అనగా అది బాసు నడచు బాటలోననే నిలిచియున్నది. 98 మార్లు ఊగు తీగను మీటినపుడు ప్రక్కనే 100 ఉండుటచే రెండును కలిసి సెకనునకు రెండుమార్లు వణకినట్లు వినబడును. వినువానికి శ్రుతి తప్పినదను భ్రమ కలుగును. షామియానా నిండ సీరియలు దీపములు వ్రేలాడుచు, ప్రక్కనే ట్రాన్స్‌ఫార్మరు నున్న పెండ్లిపందిటిలో ఈ బాధ మిక్కుటముగా నుండును.

1957 నాటి రెండు ముక్కల పికప్పులో దీనికి విరుగుడు కలదు. దానిని జమాఖర్చుల పుస్తకముతో పోల్చి చెప్పెదను. ఒక ముక్కలో రాగితీగను కుడివైపునకును, రెండవ ముక్కలో ఎడమవైపునకును చుట్టుదురు; అయస్కాంతములను గూడ తలక్రిందులు చేయుదురు. బయటి రొద రెండు ముక్కలలోను సమానముగా ప్రవేశించును గాని, ఒకచోట జమగాను, ఇంకొకచోట ఖర్చుగాను పడును. తుదకు నిలువ సున్న. తీగ ధ్వనికి మాత్రము చుట్టయు తిరుగబడినది, అయస్కాంతమును తిరుగబడినది. రెండుమార్లు తిరుగబడినది మొదటిదానితో సమానమే గదా. కావున ఏ తీగ పలుకును కొట్టివేయబడదు. జాజ్ బాసు రెండు పికప్పులు సమానముగా తెఱచినపుడును ఇట్లే జరుగును. ఒకదానిని మూసినచో రొద మరల వచ్చును. 1951 రకమునకు ఒక్క చుట్టయే గనుక ఈ రక్షణ లేదు. దానికి అదే గూటిలో పట్టునట్లు చుట్టపై చుట్ట పేర్చిన పికప్పులు నేడు దొరకుచున్నవి.

ఐనను డబ్బు తీయుటకు ముందు మూడు పరీక్షలు చేయింపుడు. ఇందులకు పైసా ఖర్చు లేదు. మొదటిది: గిటారు మీది వాల్యూము నాబును పూర్తిగా తగ్గింపుడు. రొద అట్లే యున్నచో దోషము కేబులులోనో యాంప్లిఫయరులోనో యున్నది, పికప్పు నిర్దోషి. రెండవది: వాల్యూము పెంచి తీగలపై చేయి వేయుడు. చేయి వేయగానే రొద తగ్గినచో, గూటికి అంటింపవలసిన రాగిరేకు కవచము సరిగా లేదు. కొన్నివందల రూపాయల రేకును, గంటసేపు సోల్డరింగు పనియును చాలును. మూడవది: వాద్యము పట్టుకొని నిలుచున్నచోటనే మెల్లగా చుట్టు తిరుగవలయును. ఒకవైపు తిరిగినపుడు రొద హెచ్చి, ఇంకొకవైపు తగ్గినచో అది చుట్ట వినుచున్న అయస్కాంతపు రొద. దీనిని రాగిరేకు ఆపలేదు. ఈ మూడవ పరీక్షలో పట్టుబడినపుడే రొదకై పికప్పు మార్చుట న్యాయము.

ఇచ్చట ప్రాణముతో ముడిపడిన మాట యొకటి చెప్పవలసియున్నది. రొద తగ్గునని కొందఱు యాంప్లిఫయరు ప్లగ్గులోని మూడవ ముల్లును, అనగా ఎర్తును, ఊడదీయుదురు. గిటారు తీగలు యాంప్లిఫయరు ఎర్తుతో కలిసియుండును. వాయించువాని చేయి తీగపై నుండును. పెదవి మైకునకు తగులును. రెండింటిలో ఏ యొకదాని ఎర్తు లోపించినను విద్యుత్తు వాని దేహముగుండ పారవచ్చును. 1972లో బ్రిటనునందు స్వాన్సీ పట్టణములో లెస్లీ హార్వీ యను గిటారువాద్యకుడు వేదికపైననే, ఎర్తు లేని మైకును ముట్టి మరణించెను. వానకాలపు తడినేలపై, బోరుమోటారు తీగనుండి తెచ్చిన కరెంటుతో కచేరి చేయు మన పందిళ్లలో ఈ ప్రమాదము ఇంకను హెచ్చు. రొదను ఓర్చుకొనుడు గాని ఎర్తును తీయనీయకుడు. ఆ మాట చెప్పుటకు మీకు విద్యుచ్ఛాస్త్రము రానక్కఱలేదు, పెద్దరికము చాలును.

రొద కాక, ధ్వని బాగులేదను కారణమున పికప్పు మార్చుట రెండవ సంగతి. ఇందును చవుక మార్గములు ముందు చూడవలయును. పికప్పు ఇరుప్రక్కల మరలు గలవు. వానిచే దానిని ఎత్తవచ్చును, దింపవచ్చును. తీగను చిట్టచివరి మెట్టువద్ద నొక్కిపట్టినపుడు లావుపాటి తీగక్రింద సుమారు మూడు మిల్లీమీటర్లు, సన్నపుదాని క్రింద సుమారు రెండున్నర మిల్లీమీటర్లు ఎడముండిన సామాన్యముగా సరిపోవును. మిక్కిలి దగ్గఱకు ఎత్తినచో ధ్వని పెద్దదియగును గాని అయస్కాంతము తీగను తనవైపు గుంజుటచే స్వరము వంకరపోవును. తీగలు పాతబడి మురికిపట్టినను ధ్వని మొద్దుబాఱును. కొత్త తీగలు వేసి, ఎత్తు సరిచేసి, వారముదినములు విని, అప్పటికిని తృప్తి లేనిచో పికప్పు మాట తలపెట్టవలయును.

చుట్ట తెగిపోయినదా యని తెలిసికొనుటకు మల్టీమీటరు చాలును. బాసు పికప్పు సామాన్యముగా 7,000 మొదలు 12,000 ఓముల వఱకు చూపును. ఏమియు చూపనిచో లోపల తీగ తెగినది. అంతమాత్రమున దానిని పాఱవేయరాదు. బోరుమోటారు కాలినపుడు మీరు దానిని వైండింగు చేయించుట లేదా? ఇదియు అట్టిదే. తీగ మిక్కిలి సన్ననిది, ఓర్పు ఎక్కువ కావలయును, అంతే భేదము. చుట్లు ఇష్టము వచ్చినన్ని వేయరాదు. చుట్లు పెరిగినకొలది ధ్వని బలమగును గాని పై స్వరముల మెఱుపు తగ్గి గొంతు మూసినట్లగును. చుట్లు తగ్గించినచో తేటగా నుండును గాని బలము చాలదు. పూర్వపు లెక్క యేమో అదియే వేయించుట క్షేమము.

గోదావరి యొడ్డున నున్న ఒక గ్రామపు భజనమండలి సంగతి నే నెఱుగుదును. వారి బాసు 1951 రకమునకు నకలు, ఒక్క చుట్ట. పట్టణములోని ఒక దుకాణదారుడు వాద్యమునే మార్చుమని చెప్పెనట. పరీక్షింపగా ఎర్తు తీగ ఊడియుండెను. దానిని అతికిన పిమ్మట రొద సగము తగ్గెను. తక్కిన సగము మూడవ పరీక్షలో పట్టుబడెను. అపుడు అదే కొలతగల, చుట్టపై చుట్ట పేర్చిన పికప్పును తెప్పించి, పాతదానిని తీసి బిగించితిమి. రొద పూర్తిగా పోయెను. పడుచువాండ్రు సంతసించిరి. ఆ మండలిలో నలువదేండ్లుగా భజన నడపుచున్న వృద్ధుడు మాత్రము కన్నులు మూసికొని విని, "బాపూ, రొద పోయింది గని, తీగ దూరమైంది" అనెను. ఆ మాట సత్యము. రెండు చుట్టలు కలియుటలో పై స్వరముల తేటదనము కొంత తగ్గినది. పడుచువాండ్రకు పట్టని భేదము, జీవితమంతయు తంబుర శ్రుతిలో కూర్చున్న చెవికి పట్టినది.

తుదకు వారు చేసిన యేర్పాటు నాకు నచ్చినది. పెండ్లిపందిళ్లకును జాతరలకును కొత్త పికప్పు. గుడిలో దీపముల సందడి లేని ఏకాదశి భజనకు పాతది. మార్చుటకు అరగంట పట్టును. పాత పికప్పు గుడ్డలో చుట్టబడి, మరలతో సహా, తాళముల పెట్టెలో భద్రముగా నున్నది. ఇది సాధ్యమగుటకు కారణము, మేము చెక్కను ఉలితో తాకకపోవుటయే. గూడు ఎట్లున్నదో అట్లే యుంచి, అందులో పట్టునదానినే తెచ్చితిమి. పెద్ద పికప్పు కొని దానికొఱకు గూటిని తొలిపించినవారికి ఈ వెనుదారి లేదు. తీసిన చెక్క మరల రాదు. పాతబాసు నిజముగా పాతదైనచో దాని వెలయు అంతటితో పడిపోవును.

జాజ్ బాసు రకమునకు రెండు పికప్పులలో ఒకదానిని మాత్రము మార్చినపుడు విచిత్రమొకటి జరుగవచ్చును. ఒక్కొక్కటిగా విన్నపుడు రెండును బాగుండును. కలిపి తెఱవగానే మంద్రము మాయమై ధ్వని సన్నబడును. పని పాడయినదని భయపడనక్కఱలేదు. రెండు చుట్టలు ఎదురెదురుగా లాగుచున్నవి, అంతే. ఒకదాని రెండు తీగలను అటుదిటు, ఇటుదటు మార్చి అతికినచో ఇద్దఱును ఒకేవైపు లాగుదురు. ఇందులకు మరల డబ్బు అడుగువానికి ఈయకుడు.

ఇపుడు మన సొంత వాద్యములకు వత్తము. కిక్రి, జమిడిక, వీణ, తంబుర వీనికి అయస్కాంతపు పికప్పు పనికివచ్చునా? దీనికి ఇంటిలోని చిన్న అయస్కాంతమే సమాధానము చెప్పును. దానిని తీగకు దగ్గఱగా పట్టుడు. తీగ దానికి అంటుకొన్నచో పికప్పు వినును. అంటుకొననిచో వినదు. జమిడికకు కట్టునది నరము, అంటదు. తంబుర చివరి మంద్రపు తీగ ఇత్తడి, అంటదు. వీణకు పై తీగలు ఉక్కువి, మంద్రపువి ఇత్తడివైనచో, పికప్పు పైవానిని గట్టిగా విని మంద్రమును విననట్లు పలికించును. కిక్రి మూడు తీగలకు వెండ్రుకలు గాని నరములు గాని కట్టియున్నచో అయస్కాంతపు పికప్పు పూర్తిగా చెవిటిది. అట్టిదానికై పాత కొయ్యను తొలిపించుట వ్యర్థమే కాక, పాపము కూడ.

వీనికి తగిన చెవి వేఱొకటి కలదు. కొన్ని స్ఫటికములను నొక్కినపుడు వానియందు విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సునందు క్యూరీ సోదరులు కనుగొనిరి. ఆ ధర్మముగల పదార్థమును రూపాయిబిళ్ల వంటి పలుచని ఇత్తడిబిళ్లపై అంటించి, తక్కువ వెలకు అమ్ముచున్నారు. దీనికి తీగ యేదైనను ఒక్కటే. ఇది వాద్యపు ఒడలి వణకును వినును. దీనిని తోలుమీద గాక, తీగలను మోయు గుఱ్ఱమునకు దగ్గఱగా కొయ్యపై మైనముతో అంటింపవలయును. మేకు వలదు, రంధ్రము వలదు. కథ ముగిసిన పిమ్మట తీసివేసి, గుడ్డతో తుడిచినచో వాద్యము మునుపటివలెనే యుండును. స్పీకరును వాద్యమునకు వెనుక గాక ముందువైపు నుంచవలయును. లేనిచో స్పీకరు మ్రోత తోలును కదిలించి, అది మరల స్పీకరులోనికి పోయి కూత పుట్టును. ఈ బిళ్లను సాధారణమైన మైకు రంధ్రమునకు సూటిగా కలిపిన ధ్వని పలుచనై కీచుమనును. దానికొఱకు చేసిన చిన్న ప్రీయాంప్లిఫయరును నడుమ నుంచవలయును.

ఈ పని చిన్నదిగా తోచవచ్చును. కాని ఆలోచింపుడు. గోండుల దేవతాకార్యములలో ప్రధానులు, తోటివారు వాయించు కిక్రిని గూర్చి 1940 తరువాత ఆదిలాబాదునకు వచ్చిన హైమెన్‌డార్ఫ్ పండితుడు వ్రాసియున్నాడు. ఆ వంశకథలు వ్రాతలో గాక ఆ మూడుతీగల వెంట నడచుచు వచ్చినవి. తోటివారు కొలదివేలమంది మాత్రమే. కేస్లాపూరు నాగోబా జాతరవంటి సందడిలో, నలుదిక్కుల లౌడుస్పీకర్లు మ్రోగుచుండగా, ఆ కిక్రి పది అడుగుల దూరమునకు వినబడదు. వినబడని కథను పిల్లవాడు నేర్వడు. ఒక బిళ్లయు, కొంచెము మైనమును ఆ కథను పందిరి కొసవఱకు చేర్చగలవు. అదే పని ఉలితో చేసినచో ఆ కొయ్య పగిలి, తాతలనాటి గొంతు శాశ్వతముగా మూగబోవచ్చును. రెండు దారులును ఒకే కోరికనుండి పుట్టినవి. ఏది యెన్నవలయునో చెప్పువారు ఇంటిలో నుండవలయును.

అమెరికాలో డెట్రాయిటు పట్టణమున జేమ్స్ జేమర్సన్ అను బాసువాద్యకుడు ఒక్క పికప్పుగల 1962 నాటి ప్రెసిషన్ బాసుపై, కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితో, లోకమంతట వినబడిన పాటలు పెక్కు వాయించెను. తీగలు సయితము తెగినపుడే మార్చునని ప్రసిద్ధి. మార్పు కోరు మనుమనికి ఈ సంగతి చెప్పి, మొదట వారము దినములు సాధన చేసి రమ్మని యనుడు. మరల వచ్చి, ఇదియే కారణమని సూటిగా చెప్పగలిగినచో నిధినుండి డబ్బిండు. ఇచ్చునపుడు మూడు మాటలు కోరుడు: గూడు తొలువరాదు, ఎర్తు తీయరాదు, తీసిన పాత పికప్పును తెచ్చి మీ చేతికీయవలయును. దానిని గుడ్డలో చుట్టి, తేదీ వ్రాసి పెట్టెలో నుంచుడు. ఇరువది యేండ్లకు ఆ ధ్వనియే కావలయునని అడుగువాడొకడు మీ యింటనే పుట్టవచ్చును.